లోపలికి రానంటున్న పిట్ట

చిలక జోస్యం చూసినవాళ్ళు జోస్యాన్ని నమ్మినా నమ్మకపోయినా చిలకను మాత్రం గమనించే ఉంటారు. చెట్టు నీడన పట్టా పరిచి, కార్డులు వరసగా పేర్చి, జోస్యం చెప్పేవాడు చిన్న పంజరం తలుపు తీస్తాడు. పిలవగానే చిలక నడుచుకుంటూ బయటికి వస్తుంది. ఒక్కో కార్డునూ ముక్కుతో లాగి పక్కన పడేస్తూ ఒకచోట ఆగి, ఆ కార్డును అతని చేతికి అందిస్తుంది. ఒక గింజ తీసుకుంటుంది. ఎవరూ అదిలించకుండానే వెనక్కి తిరిగి పంజరంలోకి వెళ్ళిపోతుంది. ఆ చిలకల రెక్కలు కత్తిరించేవారు, ఒళ్ళు తిప్పుకోలేనంత ఇరుకులో ఉంచేవారు. అలాంటి బతుకు ఏ పక్షికీ వద్దు. పైగా రామచిలుకను పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అయినా ఆ చిలక వెనక్కి వేసే నాలుగడుగుల్లో, ఇంట్లో పిట్టను పెంచుకునేవాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. లోపలికి వెళ్ళడం ఆ చిలకకు అలవాటైన పనిలో చివరి భాగం. గింజ అందేది ఆ వెళ్ళడానికి ఒక్క అడుగు ముందే.

మన ఇళ్ళల్లో జరిగేది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. లవ్‌బర్డ్స్ పేరుతో అంగళ్ళలో అమ్మే బడ్జీనో, తల మీద జుట్టున్న కాకటీల్‌నో సాయంత్రం కాసేపు వదులుతారు. అది కర్టెన్ కడ్డీ మీదికి ఎక్కుతుంది, అద్దం ముందు వాలుతుంది, పిల్లాడి భుజం మీద కూర్చుంటుంది. గంట తర్వాత వంటింట్లో పని మొదలవుతుంది, లేదా ఎవరో కాలింగ్ బెల్ కొడతారు. అప్పుడు పిట్ట లోపలికి వెళ్ళాలి. వెళ్ళిన క్షణాన తలుపు పడుతుంది, అందరూ అక్కణ్ణుంచి వెళ్ళిపోతారు, గదిలో లైటు ఆర్పేస్తారు. పిట్ట ఎటునుంచి లెక్క వేసుకున్నా లోపలికి వెళ్తే ఉన్న సుఖమంతా పోతోంది. ఇది నాలుగు రోజులు వరసగా జరిగితే ఐదో రోజు పిట్ట రాదు. దాన్ని మనం మొండితనం అంటాం. నా దృష్టిలో అది మొండితనం కాదు. మనం నేర్పిన పాఠాన్ని అది చక్కగా నేర్చుకుంది, అంతే.

ఏ ప్రాణి అయినా ఒక పనిని మళ్ళీ చేస్తుందా లేదా అన్నది ఆ పని చేసిన వెంటనే దానికేం దక్కిందన్న దాన్ని బట్టి ఉంటుందని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి చూపించాడు. ఆ సూత్రాన్ని 1960లలో హవాయిలో డాల్ఫిన్లకు నేర్పడానికి వాడిన శిక్షకురాలు కారెన్ ప్రయర్. డాల్ఫిన్‌కు మెడపట్టీ వెయ్యలేం, బెత్తం చూపలేం. నచ్చకపోతే ఈదుకుంటూ అవతలి ఒడ్డుకు పోతుంది. కాబట్టి దానికి ఇష్టమైన దారిలో తప్ప ఏదీ నేర్పలేం. ఫ్యాను రెక్క మీద కూర్చున్న పిట్ట విషయమూ ఇంతే. ప్రయర్ 1984లో రాసిన 'డోంట్ షూట్ ద డాగ్' పుస్తకాన్ని పక్షులు పెంచేవాళ్ళు ఇప్పటికీ చదువుతుండడానికి కారణం ఇదే.

పల్లెల్లో కోళ్ళు పొద్దుగూకేసరికి గంప దగ్గరికి వాటంతట అవే చేరతాయి కదా, ఈ పిట్టకేమైంది అని కొందరు అడుగుతారు. కోడి వేల ఏళ్ళుగా మనిషి ఇంటి ముందు బతుకుతున్న పక్షి. దానికి కూడా రోజూ ఆ వేళకు ఎవరో ఒకరు పిలిచి నూకలు చల్లుతారు. బడ్జీ సొంత ఊరు ఆస్ట్రేలియా నడిమి భాగంలోని ఎండు గడ్డిమైదానాలు. నీళ్ళు, గడ్డిగింజలు ఎక్కడ దొరికితే అక్కడికి గుంపులు గుంపులుగా తిరిగే సంచార పక్షి అది. తొర్ర కావలసింది గుడ్లు పెట్టే రోజుల్లోనే. మామూలు రాత్రుళ్ళు కొమ్మల మీదే నిద్ర. పక్షుల బొమ్మలతో పేరుపొందిన జాన్ గూల్డ్ 1840లో వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తెచ్చాకే ఇళ్ళల్లో పెంచడం వ్యాపించింది. ఇంకా రెండు వందల ఏళ్ళు కూడా నిండలేదు. నాలుగు వైపులా కడ్డీలున్న పెట్టెను ఇల్లు అనుకోవాలని దాని రక్తంలో ఎక్కడా లేదు. ఆ పెట్టె మీద ఇష్టం మనమే కలిగించాలి.

దానికంటే ముందు మానుకోవలసింది వెంటపడడం. చేత్తోనో, తువాలుతోనో, ఈగల బ్యాటు ఊపుతూనో గదంతా తరిమితే పిట్ట చివరికి అలిసిపోయి ఏ సోఫా వెనకో పడుతుంది, పట్టుకుని లోపల వేస్తాం. పని అయిపోయిందనిపిస్తుంది. కానీ ఆ పది నిమిషాల్లో పిట్ట రెండు విషయాలు నేర్చుకుంది. చెయ్యి ప్రమాదం అన్నది ఒకటి. ఎగిరిపోతే చెయ్యి కాసేపు వెనక్కి తగ్గుతుంది అన్నది రెండోది. మనం దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ అది తప్పించుకుంటోందంటే తప్పించుకోవడంలోనే దానికి బహుమానం అందుతోంది. కరిస్తే చెయ్యి వెనక్కి లాక్కుంటాం కాబట్టి కరవడమూ ఇలాగే బలపడుతుంది. ఒక్క సాయంత్రం తరిమి పట్టిన ఫలితాన్ని చెరపడానికి వారాలు పడుతుంది. ఇంట్లో పిల్లలకు ముందుగా చెప్పవలసిన మాట ఇదే: పిట్ట వెనకాల ఎవరూ పరిగెత్తకూడదు.

భయపడిన పిట్టను చూడగానే గుర్తుపట్టొచ్చు. ఈకలన్నీ ఒంటికి అతుక్కుపోయి సన్నగా, పొడుగ్గా కనిపిస్తుంది. కొంచెంసేపు ఎగిరినా నోరు తెరిచి రొప్పుతుంది. రెక్కలు ఒంటినుంచి ఎడంగా పెట్టుకుంటుంది. కాకటీల్ అయితే తల మీది జుట్టు నిటారుగా నిలబడుతుంది. మరీ బెదిరినా, కోపం వచ్చినా అదే జుట్టును వెనక్కి అదిమేసి బుసకొడుతుంది. ఈ స్థితిలో ఏ మేతా ఏ పిలుపూ పనిచెయ్యదు. మనం కూర్చోవాలి, మాట తగ్గించాలి, అది ఈకలు దులుపుకునే దాకా ఆగాలి. ఒళ్ళు ఒకసారి దులుపుకుని, ఈకలు సర్దుకోవడం మొదలుపెట్టిందంటే మళ్ళీ మన మాట వినే స్థితికి వచ్చినట్టు.

అసలు తలుపు తీసేముందు గది సంగతి చూసుకోవాలి. మన ఇళ్ళల్లో ఎగిరే పిట్టకు అన్నిటికంటే పెద్ద గండం సీలింగ్ ఫ్యాను. స్విచ్ ఆపితే చాలదు, ఎవరో అలవాటు చొప్పున వేసేస్తారు. ఆ స్విచ్ మీద టేపు అంటించండి. కిటికీ అద్దం పిట్టకు అద్దంలా కనిపించదు, ఖాళీగా కనిపిస్తుంది, కర్టెన్ వెయ్యాలి. వంటింటి తలుపు మూసి ఉండాలి. పొయ్యి మీద మరిగే నూనె సంగతి అందరికీ తెలుసు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగకు పక్కగదిలోని పిట్ట కూడా నిమిషాల్లో చనిపోగలదన్నది చాలామందికి తెలియదు. నీళ్ళ బకెట్ల మీద మూతలు పెట్టండి.

తర్వాత పంజరాన్ని పిట్ట వైపునుంచి ఒకసారి చూడండి. పిట్టకు ఎత్తు కావాలి. కర్టెన్ కడ్డీ మీది నుంచి నేల మీద ఉన్న పంజరంలోకి దిగమంటే దిగదు. మన కళ్ళ ఎత్తులో, ఒక వైపు గోడ ఆనుకుని, టీవీకి దూరంగా ఉంచితే చాలా తేడా వస్తుంది. చవక పంజరాలకు పైకి జరిపే చిన్న తలుపు ఉంటుంది. అది ఒక్కసారి జారి పిట్ట వీపు మీద పడితే ఇక ఆ తలుపు దగ్గరికి రావడం మానేస్తుంది. దాన్ని క్లిప్పుతో గట్టిగా పైన బిగించాలి, లేదా పక్కకు తెరుచుకునే పెద్ద తలుపున్న పంజరం తీసుకోవాలి. తలుపు బయట ఒక జామ కొమ్మనో వేప కొమ్మనో దిగడానికి వీలుగా కట్టండి, లోపల అదే ఎత్తులో ఇంకో కొమ్మ కట్టండి. విమానంలా వచ్చి సూటిగా ఆ రంధ్రంలోకి దూరడం ఏ పిట్టకూ సులువు కాదు. వాలడానికి చోటుంటే వాలి, చూసుకుని, నడిచి వెళ్తుంది.

మేత గిన్నెను కూడా దగ్గరికెళ్ళి చూడాలి. బడ్జీ గింజను ముక్కుతో ఒలిచి పప్పు తిని పొట్టును మళ్ళీ గిన్నెలోనే వదిలేస్తుంది. పైనుంచి చూస్తే గిన్నె నిండుగా ఉన్నట్టే ఉంటుంది. ఒకసారి మెల్లగా ఊదండి; పొట్టంతా లేచిపోతే అడుగున గింజ కనిపించకపోవచ్చు. పొట్టు గిన్నె ఉన్న పంజరంలోకి రావడానికి పిట్టకు ఏ కారణమూ లేదు. మనం గిన్నె నిండుగా ఉందనుకుంటూ ఉంటే అది పస్తుండి జబ్బు పడే ప్రమాదమూ ఉంది.

ఇక నేర్పే పని. దీనికి కావలసిన ముఖ్యమైన వస్తువు కొర్ర కంకి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు పెట్ షాపులో మిల్లెట్ స్ప్రే అని ప్యాకెట్‌లో కొనేది ఇదే. కర్నూలు, అనంతపురం వైపు తెలిసిన రైతులుంటే కోతల సమయంలో పురుగుమందు కొట్టని కంకులు కొన్ని అడిగి ఎండబెట్టుకోండి. రోజువారీ గిన్నెలో మాత్రం కంకి పెట్టకూడదు. అది దొరికే చోటు ప్రపంచం మొత్తం మీద ఒక్కటే అయి ఉండాలి: పంజరం లోపల, మీరు చూస్తుండగా.

మొదటి పాఠానికి పిట్ట బయటికి రావలసిన పనే లేదు. ఒక చీపురు పుల్ల కొసను కడ్డీల సందులోంచి దాని ముక్కుకు జానెడు దూరంలో పెట్టి కదలకుండా ఉండండి. పిట్ట ముందు తల పక్కకు తిప్పి ఒక కంటితో చూస్తుంది. కొమ్మ మీద అర అడుగు అటు జరుగుతుంది, ఇటు జరుగుతుంది. మెడ చాస్తుంది. ముక్కు పుల్లకు తగిలిన ఆ క్షణంలోనే నాలుకతో 'టక్' అని చప్పుడు చేసి, వెంటనే రెండు కొర్ర గింజలు ఇవ్వండి. చప్పుడు ఎందుకంటే, గింజ ముక్కుకు చేరేలోపు పిట్ట ఇంకో పని చేసేస్తుంది. దేనికి గింజ దక్కిందో దానికి తెలియదు. 'టక్' ఆ సందును పూడుస్తుంది. మూడు నాలుగు నిమిషాలు చాలు. అది ఇంకా కావాలంటుండగానే ఆపేయాలి. కొన్ని పిట్టలు మొదటి రోజే పట్టేస్తాయి, కొన్ని వారం తీసుకుంటాయి.

పుల్లను ముట్టడం ఒంటబట్టాక ఆ పుల్లే దారి చూపిస్తుంది. ఈ కొమ్మ మీది నుంచి ఆ కొమ్మకు, లోపలి కొమ్మ నుంచి తలుపు దగ్గరికి, తలుపు బయటి కొమ్మ మీదికి, మళ్ళీ లోపలికి. ఇక్కడ చాలామంది తొందరపడతారు. పిట్ట లోపలికి వెళ్ళగానే చెయ్యి తలుపు మీదికి పోతుంది. పోనివ్వకండి. అది లోపల కంకి కొరుకుతుంటే తలుపు బార్లా తెరిచే ఉండాలి. తిని బయటికి రావాలి. మళ్ళీ పిలవాలి, మళ్ళీ వెళ్ళాలి, మళ్ళీ రావాలి. పదిసార్లు వెళ్తే తొమ్మిదిసార్లు తలుపు తెరిచే ఉండాలి. తర్వాత కొన్ని రోజులకు తలుపును కొద్దిగా కదిపి మళ్ళీ తెరవండి. ఆపైన ఒక్క క్షణం మూసి తీయండి, మూసి ఉన్నప్పుడే ఇంకో రెండు గింజలు లోపలికి అందించండి. మూసిన తలుపు మళ్ళీ తెరుచుకుంటుందని పిట్టకు నమ్మకం కుదరాలి. ఆ నమ్మకం కుదిరిన పిట్ట రాత్రికి లోపలికి వెళ్ళడానికి వెనకాడదు.

దీంతోపాటు ఒక మాట కూడా అలవాటు చెయ్యండి. 'లోపలికి' అనో, 'ఇంటికి' అనో, ఇంట్లో అందరూ ఒకే మాట, ఒకే గొంతుతో అనాలి. పిట్ట కాలు లోపలి కొమ్మ మీద పడబోతుండగా ఆ మాట అనండి. కొన్నాళ్ళకు మాట వినగానే అది అటు తిరుగుతుంది. ఆ మాట పలికి గింజ ఇవ్వకుండా మోసం చెయ్యడం మాత్రం ఎప్పుడూ వద్దు. తొలి నెలల్లో ఒక్కసారి కూడా వద్దు. బాగా స్థిరపడ్డాక ప్రతిసారీ కంకి ఇవ్వనక్కర్లేదు. ఎప్పుడొస్తుందో తెలియని బహుమానం కోసం ప్రాణులు ఇంకా పట్టుదలగా పనిచేస్తాయని స్కిన్నర్ పావురాలే చూపించాయి. ఒకరోజు కంకి, ఒకరోజు కొత్తిమీర రెబ్బ, ఒకరోజు మునగాకు, ఒకరోజు మంచి మాట.

వేళ కూడా కలిసిరావాలి. పొట్ట నిండా తిన్న పిట్టను బయటికి వదిలి గింజ చూపిస్తే అది మీ మొహం చూస్తుంది. సాయంత్రపు మేతకు ముందు వదలండి. తిరిగి వెళ్ళాక భోజనం లోపల సిద్ధంగా ఉండాలి. అలాగని పస్తు పెట్టకూడదు. మామూలు బడ్జీ బరువు 30, 40 గ్రాములే, దాని ఒంట్లోని శక్తి వేగంగా కరిగిపోతుంది. ఒక పూట పూర్తిగా తినకపోయినా దానికి ప్రమాదమే. మేత వేళను జరపడం వేరు, మేత ఆపడం వేరు. వంటింటి డిజిటల్ తూకం మీద వారానికి ఒకసారి నిలబెట్టి బరువు రాసుకుంటే మీకే ధైర్యంగా ఉంటుంది.

పొద్దు వాలుతున్న వేళ ఇంకో సాయం దొరుకుతుంది. ఇవన్నీ పగటి పక్షులు, చీకట్లో ఎగరడానికి ఇష్టపడవు. గదిలో పెద్ద లైటు ఆపి, పంజరం దగ్గర చిన్న దీపం ఉంచితే చాలా పిట్టలు వెలుగున్న వైపుకే వచ్చి వాలతాయి. తొందరపెట్టకుండా ఆ అరగంట వాటికి ఇవ్వండి.

రెండు పిట్టలుంటే పని తేలిక. గుంపులో బతికే పక్షులు కాబట్టి ఒకటి లోపల తింటూ అరుస్తుంటే రెండోది ఎక్కువసేపు బయట ఉండలేదు. మాట వినేదానికి ముందు నేర్పండి.

ఇన్ని చేసినా ఒక్కోసారి తప్పనిసరి పరిస్థితి వస్తుంది. పిట్టకు దెబ్బ తగిలినప్పుడు శిక్షణకు టైముండదు. అప్పుడు చూపులతోనే అది ఎక్కడ కూర్చుందో గుర్తుపెట్టుకుని గది పూర్తిగా చీకటి చేసి, మెల్లగా వెళ్ళి పలచటి నూలు తువాలుతో ఒక్కసారే కప్పి తీసుకోండి. పట్టుకోవడంలో ఒక్క విషయం ప్రాణంతో సమానం. మనకు ఊపిరి ఆడడానికి గుండె కింద విభాజక పటలం ఉంది. పక్షులకు అలాంటిది లేదు. ఛాతీ ఎముక ముందుకూ వెనక్కీ కదిలితేనే గాలి లోపలికి వెళ్తుంది. ఛాతీని గుప్పిట్లో బిగిస్తే, ముక్కు తెరిచే ఉన్నా, దానికి ఊపిరాడదు. మెడకు రెండు పక్కలా రెండు వేళ్ళు వదులుగా ఉంచి, వీపు అరచేతిలో ఆనేలా పట్టుకుని, ఛాతీని వదిలేయాలి. రెక్క పట్టి లాగకూడదు. లోపల పెట్టగానే కంకి ముక్క ఇవ్వండి. మర్నాడు మళ్ళీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టండి.

గొడవంతా ఎందుకు, రెక్కలు కత్తిరిస్తే పోలా అని అంగట్లో సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. రెక్కలు కత్తిరించిన పిట్ట ఎగరబోయి దబ్బున పడి ఛాతీ ఎముక మీద గాయం చేసుకుంటుంది, పిల్లి వస్తే తప్పించుకోలేదు, భయపడినప్పుడు దూరం పోయే దారి లేక కరుస్తుంది. ఈకలు రాలి కొత్తవి వచ్చాక మళ్ళీ ఎగురుతుంది. అప్పటికి తిరిగి రావడం నేర్చుకోని పిట్టే మన చేతిలో మిగులుతుంది. ఎగరగలిగి, తనంతట తాను తిరిగి వచ్చే పిట్టను పెంచడంలోనే అసలు గౌరవం ఉంది.

కిటికీలోంచి బయటికే పోయిందనుకోండి. వెంటనే ఎటు వెళ్ళిందో చూపు తిప్పకుండా చూడండి. కాకులు కొత్త రంగు పిట్టను బతకనివ్వవు, కాబట్టి మొదటి గంటే ముఖ్యం. దాని పంజరాన్ని మేతతో సహా డాబా మీదనో వాకిట్లోనో కనిపించేలా పెట్టండి. జోడీ ఉంటే ఆ పిట్టను వేరే పంజరంలో మూసి పక్కనే ఉంచండి, దాని అరుపు మన పిలుపుకంటే దూరం వెళ్తుంది. చెట్టు చిటారున కూర్చున్న ఇంటి పిట్టకు ఎక్కడం వచ్చు, నిట్టనిలువుగా దిగడం రాదు. చెట్టు మొదట్లో నిలబడి పిలిచేకంటే కొంచెం దూరంగా, వీలైతే పక్క మేడ మీది నుంచి, అది ఏటవాలుగా ఎగిరి రాగలిగే చోటు నుంచి పిలవండి. పైపుతో నీళ్ళు కొట్టడం, రాయి విసరడం, చెట్టెక్కడం వద్దు. ఇంకా దూరం పోతుంది. చీకటి పడితే అది ఉన్న కొమ్మను గుర్తుంచుకుని తెల్లవారకముందే అక్కడ ఉండండి. ఆకలితో లేచిన పిట్ట మొదట వెతికేది తెలిసిన గొంతునే. దొరికాక పక్షుల సంగతి తెలిసిన పశువైద్యుడికి ఒకసారి చూపించి, ఆ కిటికీకి దోమల జాలీ బిగించాకే మళ్ళీ పంజరం తలుపు తీయండి.